లావుగా ఉన్నవారికి మత్తు ఇచ్చే ముందు ఊపిరి దారిని పరీక్షించడం ఎలా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు కథ రాయాలా, కవిత రాయాలా అని ఆలోచించాను. ఆ రెండూ నాకు రావు. ఈ హాస్టల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు ఉన్నాను. స్టడీ అవర్లో నేను బాగా చేసిన పని ఒక్కటే, చదివిన పాఠాన్ని పక్కవాడికి అర్థమయ్యేలా చెప్పడం. ఇప్పుడూ అదే చేస్తాను.

నేను ఎం.బి.బి.ఎస్. పూర్తి చేసి, మత్తు వైద్యంలో, అంటే అనస్థీషియాలో పి.జి. మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా తీసుకున్నవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. మా నాన్న కూలి పనికి వెళతాడు. మా అమ్మ కుట్టుమిషన్ మీద జాకెట్లు కుడుతుంది. అమ్మ టేపు కూడా ఈ పాఠంలో వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

తమ్ముళ్ళూ, ఈ పాఠం మీకెందుకు అనుకోవద్దు. మన ఇళ్ళలో ఎవరికైనా ఆపరేషన్ అంటే వెంట వెళ్ళేది, కాగితాలు చదివి పెట్టేది మనమే. చివరి వరకు చదవండి.

మత్తు డాక్టరు చేసే పని ఏమిటి?

మత్తు డాక్టరు ఒక సూది వేసి పక్కకు వెళ్ళిపోతాడని చాలామంది అనుకుంటారు. నేను కూడా అలాగే అనుకునేవాణ్ణి. పూర్తి మత్తు ఇచ్చినప్పుడు రోగి నిద్రపోతాడు. కండరాలు సడలడానికి ఇచ్చే మందుతో ఊపిరి కూడా ఆగుతుంది. ఆ క్షణం నుంచి ఆ మనిషి ఊపిరి మా చేతుల్లో ఉంటుంది.

అప్పుడు మేము రెండు పనులు చేస్తాం. మొదటిది, ముఖం మీద మాస్కు బిగించి పట్టి, సంచి నొక్కుతూ ప్రాణవాయువు పంపడం. రెండవది, లారింగోస్కోపు అనే దీపం ఉన్న పరికరంతో నాలుకను పక్కకు, పైకి జరిపి, స్వరతంత్రులను చూసి, వాటి మధ్య నుంచి శ్వాసనాళంలోకి గొట్టం వేయడం. దీన్నే ఇంట్యుబేషన్ అంటారు.

ఎక్కువమందికి ఈ రెండూ సులభంగానే జరుగుతాయి. కొందరికి గొట్టం పడదు, కానీ మాస్కుతో గాలి వెళుతుంది. అప్పుడు ఆలోచించుకోవడానికి సమయం ఉంటుంది. గొట్టమూ పడక, మాస్కుతో గాలీ వెళ్ళకపోతే నిమిషాల్లో మెదడు దెబ్బతింటుంది. అప్పుడు మెడ ముందు భాగంలో కోసి దారి చేయడమే మిగులుతుంది. అంతవరకు రాకుండా ఎవరికి కష్టమవుతుందో ముందురోజే పసిగట్టాలి.

లావు వల్ల కష్టం ఎక్కడ వస్తుంది?

ముందు లావును లెక్కలో చూద్దాం. బరువును కిలోల్లో తీసుకుని, ఎత్తును మీటర్లలో రెండుసార్లు గుణించగా వచ్చిన సంఖ్యతో భాగించాలి. వచ్చినదాన్ని బి.ఎం.ఐ. అంటారు. ఉదాహరణకు బరువు 104 కిలోలు, ఎత్తు 1.54 మీటర్లు అయితే, 1.54 ను 1.54 తో గుణిస్తే 2.37. 104 ను 2.37 తో భాగిస్తే సుమారు 44. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 30 దాటితే ఊబకాయం. 40 దాటితే తీవ్రమైన ఊబకాయం. మన దేశంలో 25 నుంచే ఊబకాయంగా లెక్కించాలని మన వైద్య నిపుణులు 2009 లో చెప్పారు.

కష్టానికి కారణాలు మూడు.

ఒకటి: కొవ్వు పొట్ట మీదే కాదు, నాలుకలోనూ, గొంతు గోడల్లోనూ, మెడలోనూ చేరుతుంది. మెలకువలో కండరాలు దారిని తెరిచి పట్టుకుంటాయి. నిద్రలో అవి సడలి దారి ఇరుకవుతుంది. గురక అంటే ఆ ఇరుకు దారి చేసే చప్పుడే. మత్తులో కండరాలు ఇంకా ఎక్కువ సడలుతాయి.

రెండు: మెడ వెనక, వీపు పైభాగాన కొవ్వు ఉంటే, బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు తల సరైన వంపులోకి రాదు. ఛాతీ ఎత్తుగా ఉండి లారింగోస్కోపు పిడి అడ్డుపడుతుంది.

మూడు: నిల్వ తక్కువ, ఖర్చు ఎక్కువ. పడుకోగానే పొట్ట బరువు ఊపిరితిత్తులను కింద నుంచి పైకి నొక్కుతుంది. అందులో నిల్వ ఉండే గాలి తగ్గుతుంది. పెద్ద శరీరానికి ప్రాణవాయువు ఖర్చేమో ఎక్కువ. మన హాస్టల్ ట్యాంకు సగమే నిండి ఉండగా ఉదయాన్నే కుళాయిలన్నీ ఒకేసారి తిప్పితే ఏమవుతుందో మీకు తెలుసు కదా, ఇదీ అంతే. 1991 లో వచ్చిన ఒక పరిశోధనలో, ముందుగా ప్రాణవాయువు పట్టించి, ఊపిరి ఆగాక రక్తంలో దాని శాతం 90 కి పడిపోవడానికి ఎంతసేపు పడుతుందో కొలిచారు. మామూలు బరువు ఉన్నవారికి సగటున 364 సెకన్లు పట్టింది. తీవ్ర ఊబకాయులకు 163 సెకన్లే. అంటే ఆరు నిమిషాల చోట మూడు నిమిషాలు కూడా లేవు.

2005 లో 35 పరిశోధనలను, 50 వేలకు పైగా రోగుల వివరాలను కలిపి చూశారు. మామూలుగా 100 మందిలో సుమారు 6 మందికి గొట్టం వేయడం కష్టమైతే, ఊబకాయుల్లో అది సుమారు 16 మంది అని తేలింది. బ్రిటన్ దేశమంతటా ఏడాదిపాటు జరిపిన పరిశీలన ఫలితాలు 2011 లో వచ్చాయి. ఊపిరి దారికి సంబంధించిన తీవ్ర ప్రమాదాలు ఊబకాయులకు రెండింతలు, తీవ్ర ఊబకాయులకు నాలుగింతలు ఎక్కువని ఆ నివేదిక చెప్పింది.

అయితే బరువు చూసి భయపడితే సరిపోదు. 2002 లో బి.ఎం.ఐ. 40 దాటిన 100 మందిని పరీక్షించిన అమెరికా వైద్యులు, 12 మందికి గొట్టం వేయడం కష్టమైందని రాశారు. ఆ కష్టానికి సంబంధం కనిపించింది బరువుతో కాదు, మెడ చుట్టుకొలతతోనూ, నోటి పరీక్షతోనూ. కాబట్టి ఆ పరీక్షలు ఏమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

మంచం పక్కన చేసే పరీక్షలు

1. అడగడం: ఇంతకు ముందు ఆపరేషన్ అయిందా? అప్పుడు గొట్టం వేయడం కష్టమైందని ఎవరైనా చెప్పారా? ఏదైనా కాగితం ఉందా? ఒకసారి కష్టమైన గొంతు రెండోసారి కూడా కష్టం కావచ్చు.

2. నోరు తెరవడం: నోరు పూర్తిగా తెరిచినప్పుడు పై పళ్ళకు, కింది పళ్ళకు మధ్య రోగి వేళ్ళు మూడు పట్టాలి. మూడు సెంటీమీటర్ల కంటే తక్కువైతే పరికరం పెట్టడం కష్టం. కదిలే పళ్ళు, కట్టుడు పళ్ళు కూడా ఇప్పుడే చూడాలి.

3. మాలంపాటి పరీక్ష: ఈ పేరు వింటే మీకు సంతోషం కలగాలి. ప్రపంచంలో ఎక్కడ మత్తు వైద్యం నేర్చుకున్నా ఈ తెలుగు ఇంటిపేరు పలకాల్సిందే. గుంటూరు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలోని బోస్టన్ నగరంలో పనిచేసిన డాక్టర్ మాలంపాటి శేషగిరిరావు గారు 1985 లో 210 మంది రోగులను పరీక్షించి దీన్ని ప్రచురించారు. రోగిని కూర్చోబెట్టి, తల నిటారుగా ఉంచి, నోరు బాగా తెరిచి నాలుక బయటకు చాపమనాలి. శబ్దం చేయనివ్వకూడదు. కొండనాలుక, దాని పక్కనున్న కమానులు, మెత్తని అంగిలి అన్నీ కనిపిస్తే ఒకటో తరగతి. కమానులు మరుగున పడి కొండనాలుక కనిపిస్తే రెండు. మెత్తని అంగిలి, కొండనాలుక మొదలు మాత్రమే కనిపిస్తే మూడు. గట్టి అంగిలి తప్ప ఏమీ కనిపించకపోతే నాలుగు. ఆయన మొదట చెప్పినవి మూడు తరగతులే. నాలుగోది 1987 లో ఇద్దరు బ్రిటిష్ వైద్యులు కలిపారు. మూడు, నాలుగు వస్తే జాగ్రత్తపడాలి.

4. చుబుకం నుంచి గొంతుముడికి దూరం: తల వెనక్కి వంచి, గొంతు ముందు వేలికి గట్టిగా తగిలే ముడి నుంచి చుబుకం కొన వరకు కొలవాలి. ఆరు సెంటీమీటర్ల కంటే తక్కువైతే నాలుకను జరపడానికి లోపల చోటు తక్కువని అర్థం.

5. మెడ వంపు, కింది దవడ: తల వెనక్కి ఎంత వంగుతుందో చూడాలి. తర్వాత కింది పళ్ళతో పై పెదవిని కొరకమనాలి. పెదవి అంచు దాటి పైకి కొరకగలిగితే మంచిది. పెదవి అసలు అందకపోతే దవడ ముందుకు రావడం లేదని అర్థం.

6. మెడ చుట్టుకొలత: గొంతుముడి దగ్గర టేపు చుట్టి కొలవాలి. నేను పైన చెప్పిన 2002 నాటి పరిశోధనలో, మెడ 40 సెంటీమీటర్లు ఉంటే కష్టమయ్యే అవకాశం నూటికి 5, 60 సెంటీమీటర్లు ఉంటే నూటికి 35 అని లెక్క కట్టారు.

7. గురక ప్రశ్నలు: దీన్ని స్టాప్‌బ్యాంగ్ అంటారు. ప్రశ్నలు ఎనిమిది. గట్టిగా గురక పెడతారా? పగలు అలసట, కునికిపాట్లు ఉన్నాయా? నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? బి.పి. ఉందా? బి.ఎం.ఐ. 35 దాటిందా? వయసు 50 దాటిందా? మెడ 40 సెంటీమీటర్లు దాటిందా? మగవారా? ఒక్కో అవునుకు ఒక మార్కు. 0 నుంచి 2 అయితే ప్రమాదం తక్కువ. 3, 4 అయితే మధ్యస్థం. 5 గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. ఇక్కడ మార్కులు ఎంత తక్కువ వస్తే అంత మంచిది.

8. మాస్కు పట్టు: గొట్టం గురించే ఆలోచించి మాస్కును మరచిపోకూడదు. 2000 సంవత్సరంలో ఫ్రాన్స్ వైద్యులు 1,502 మందిని గమనిస్తే 75 మందికి మాస్కుతో గాలి పంపడం కష్టమైంది. అందుకు సూచనలుగా వాళ్ళు అయిదు చెప్పారు. వయసు 55 దాటడం, బి.ఎం.ఐ. 26 దాటడం, గడ్డం పెంచి ఉండటం, పళ్ళు లేకపోవడం, గురక. వీటిలో రెండు ఉన్నా జాగ్రత్తపడాలి. పెంచిన గడ్డం ఒక్కటే మనం ముందురోజు తీయించగలిగింది.

నేను చేసిన పొరపాటు

ఇవన్నీ నాకు పుస్తకంలో నోటికి వచ్చు. అయినా తప్పు చేశాను.

పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ చేయించుకోవడానికి ఒకామె వచ్చింది. వయసు 45. బరువు, ఎత్తు నేను పైన లెక్కలో ఇచ్చినవే. పూలు కట్టి అమ్ముతుంది. వెంట తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు ఉంది. ఆ రోజు బయట చాలామంది వరుసలో ఉన్నారు. గదిలో జనం ఎక్కువయ్యారని ఆ అమ్మాయిని బయట నిలబడమన్నాను. ఆమెను నోరు తెరవమన్నాను. ఆమె అలవాటుగా "ఆ..." అంది. కొండనాలుక చక్కగా కనిపించింది. మాలంపాటి రెండు అని రాసి, బి.పి. మాత్రలు రాసుకుని పంపేశాను. మెడ కొలవలేదు. నిద్ర గురించి అడగలేదు. నిజం చెప్పాలంటే, మా అమ్మ వయసు ఆమెను లావు గురించి, గురక గురించి అడగడానికి మొహమాటపడ్డాను.

సాయంత్రం వార్డుకు మా సీనియర్ మేడమ్ వచ్చారు. నా కాగితం చూసి, మళ్ళీ నోరు తెరిపించారు. ఆమె మళ్ళీ "ఆ" అనబోతే, "చప్పుడు చేయొద్దమ్మా, నాలుక చాపు చాలు" అన్నారు. కొండనాలుక మాయమైంది. మూడో తరగతి. "ఆ" అన్నప్పుడు అంగిలి పైకి లేచి, ఉన్నదానికంటే బాగా కనిపిస్తుందన్న సంగతి నేను చదివిందే.

తర్వాత మేడమ్ ఆ అమ్మాయిని దగ్గరకు పిలిచి, "అమ్మ రాత్రి ఎలా పడుకుంటుంది?" అని అడిగారు. ఆ పిల్ల, "గోడకు ఆనుకుని కూర్చునే పడుకుంటుందండీ. గురక మధ్యలో ఆగిపోతే నేను తట్టి లేపుతాను. అందుకే పక్కనే పడుకుంటాను. పగలు పూలు కడుతూ కూడా కునుకు తీస్తుంది" అంది.

ఆమె మెడ 44 సెంటీమీటర్లు. స్టాప్‌బ్యాంగ్ లెక్కవేస్తే ఆరు మార్కులు. నాకు కావలసిన జవాబులన్నీ నేను బయట నిలబెట్టిన పిల్ల దగ్గర ఉన్నాయి. నా చిన్నప్పుడు అమ్మతో ఆసుపత్రికి వెళ్ళినప్పుడు నన్నూ ఇలాగే బయట నిలబెట్టేవారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. ఆ పని ఇప్పుడు నేనే చేశాను.

మేడమ్ నన్ను తిట్టలేదు. "రేపు బల్లమీద తెలిసి ఉంటే?" అన్నారు. అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందే తెలిస్తే ఏం చేయవచ్చు?

మర్నాడు మేము ఏం చేశామో చెబుతాను. కష్టం ముందే తెలియడం వల్ల లాభం ఏమిటో అందులోనే ఉంది.

మడిచిన దుప్పట్లు వీపు కింద, భుజాల కింద, తల కింద మెట్లుగా పేర్చాం. పక్క నుంచి చూస్తే చెవి రంధ్రం, ఛాతీ ఎముక పై గుంట ఒకే అడ్డగీతలోకి రావాలి. ట్రంకు పెట్టె మీద దుప్పట్లు మడతపెట్టిన చేతులు కాబట్టి ఆ పని నాకు బాగానే వచ్చింది. బల్ల తల వైపు 25 డిగ్రీలు ఎత్తాం. ఇలా ఎత్తి ప్రాణవాయువు పట్టిస్తే తీవ్ర ఊబకాయులకు ముప్పావు నిమిషం దాకా అదనపు సమయం దొరుకుతుందని 2005 లో ఒక పరిశోధన చూపింది. మాస్కు బిగించి మూడు నిమిషాలకు పైగా ప్రాణవాయువు పట్టించాం. ముక్కు దగ్గర సన్నని గొట్టంతో ప్రాణవాయువు చివరి దాకా ఇస్తూనే ఉన్నాం.

కెమెరా ఉన్న లారింగోస్కోపు, దారి చూపే సన్నని కడ్డీ, గొంతులో పైనే కూర్చునే లారింజియల్ మాస్కు, మెడ దగ్గర దారి చేసే సామగ్రి అన్నీ బల్లమీద పెట్టాం. మొదటిది కాకపోతే రెండోది ఏమిటి, అదీ కాకపోతే ఏమిటి అని మేడమ్ అందరికీ వినబడేలా చెప్పారు. మాస్కూ, గొట్టమూ రెండూ కష్టమని తోచినప్పుడు, గొంతును మొద్దుబార్చి రోగి మెలకువగా ఉండగానే గొట్టం వేసే పద్ధతి కూడా ఉంది. ఆమె విషయంలో ఆ అవసరం లేదని మేడమ్ నిర్ణయించారు. కావలసిన సామగ్రిని మాత్రం పక్కనే ఉంచారు.

మత్తు ఇచ్చాక మాస్కు పట్టడానికి ఇద్దరం కావలసి వచ్చింది. ఒకరు రెండు చేతులతో పట్టుకుంటే ఒకరు సంచి నొక్కారు. తెర మీద స్వరతంత్రుల వెనక అంచు మాత్రమే కనిపించింది. కడ్డీ మీదుగా మేడమ్ గొట్టం వేశారు. ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు గీత తెర మీద వచ్చింది. గొట్టం సరైన చోట పడిందనడానికి అదే సాక్ష్యం. ప్రాణవాయువు శాతం 94 కంటే కిందికి పోలేదు. ఆపరేషన్ అయ్యాక కూడా తొందరపడలేదు. ఆమె పూర్తిగా మేలుకుని, మాట విని చెయ్యి బిగించాక, తల ఎత్తి కూర్చోబెట్టినట్టుగా ఉంచి గొట్టం తీశాం. రాత్రంతా గమనించాం.

ఇంటికి వెళ్ళేరోజు, గొట్టం వేయడం ఎందుకు కష్టమైంది, ఏ పద్ధతిలో వేశాం అన్నది కాగితం మీద రాసి ఇచ్చాం. ఆ కాగితం నేను ఆ అమ్మాయి చేతికే ఇచ్చాను. మళ్ళీ ఎప్పుడు ఆపరేషన్ అన్నా మొదట ఇది చూపించమని చెప్పాను.

తర్వాత సెలవుకు ఇంటికి వెళ్ళి అమ్మను ఒక పాత టేపు అడిగాను. "మీ ఆసుపత్రిలో జాకెట్లు కూడా కుడతారా?" అని నవ్వింది. ఇప్పుడు అది నా తెల్లకోటు జేబులో ఉంటుంది.

పరీక్షలకు ఉన్న పరిమితి

ఈ పరీక్షలన్నీ చేసినా తప్పు జరగదని అనుకోకూడదు. డెన్మార్క్ లో 1,88,064 మంది రోగుల వివరాలు చూసి 2015 లో ఒక నివేదిక ప్రచురించారు. గొట్టం వేయడం కష్టమైనవారు 3,391 మంది. వారిలో నూటికి 93 మంది విషయంలో కష్టమవుతుందని ముందు ఎవరూ ఊహించలేదు. కష్టమవుతుందని ముందే అనుకున్నవారిలో నిజంగా కష్టమైంది నాలుగోవంతు మందికే. ఏ ఒక్క పరీక్షా పూర్తిగా నమ్మదగింది కాదు. నాలుగైదు కలిపి చూడాలి. అన్నీ బాగున్నా రెండో దారి సిద్ధంగా ఉంచుకోవాలి. మరి ఇంత శ్రమ ఎందుకంటారా? ముందే తెలిసిన ఆ కొద్దిమంది విషయంలో మనం సిద్ధంగా ఉంటాం. పైన చెప్పినామె ఆ కొద్దిమందిలో ఒకరు.

మీరు చేయవలసింది

ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయితే మత్తు డాక్టరు దగ్గరకు మీరూ వెళ్ళండి. డాక్టరు అడగకపోయినా ఈ విషయాలు చెప్పండి.

1. గురక ఉందా, నిద్రలో ఊపిరి ఆగుతుందా, కూర్చుని నిద్రపోతారా.
2. ఇంతకు ముందు అయిన ఆపరేషన్లు, ఉన్న కాగితాలు.
3. వాడుతున్న మాత్రలన్నీ. పేరు తెలియకపోతే అట్టలు పట్టుకెళ్ళండి.
4. కదిలే పళ్ళు, కట్టుడు పళ్ళు.
5. చివరిగా ఏం తిన్నారు, ఏం తాగారు, ఎప్పుడు. ఆకలికి ఆగలేక టీ తాగినా సరే, దాచవద్దు.

మిమ్మల్ని బయట నిలబడమంటే, "అమ్మ గురించి ఒక మాట చెప్పాలి సార్" అని మర్యాదగా అడగండి. ఇంకొక మాట. లావుగా ఉన్నవారిని చూసి హాస్టల్లో పేర్లు పెట్టి పిలుస్తుంటాం, నేనూ పిలిచాను. అలా సిగ్గుపడేలా చేస్తే వాళ్ళు డాక్టరు దగ్గర కూడా నిజం చెప్పరు. ఆ అలవాటు మానుకోండి.

మీలో ఎవరైనా డాక్టరు కావాలనుకుంటే, బైపీసీ పుస్తకాల గురించి గాని, సీటు గురించి గాని అడగాలనిపిస్తే, నా ఫోన్ నంబరు వార్డెన్ గారి దగ్గర ఉంది. రాత్రి తొమ్మిది తర్వాత చేయండి. డ్యూటీలో ఉంటే ఎత్తలేను, తర్వాత నేనే చేస్తాను.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.